నేర్చుకోవడానికి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలి? ఉన్నది చెరపకుండా తేల్చుకునే పద్ధతి

"కంప్యూటర్ లోతుగా నేర్చుకుందామని ఉంది. విండోస్‌లోనే ఉండాలా, లినక్స్ వేసుకోవాలా, డబ్బు కూడబెట్టి మ్యాక్ కొనాలా?" మాటలు అటూ ఇటూ మారతాయి గానీ నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు వరసగా రాసేస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తా. చేతిలో ఒక కంప్యూటర్ ఉంటే కొత్తది కొనకండి. అందులో ఉన్న సిస్టమ్‌ను చెరపకండి. ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ ఎక్కించి, దాంతోనే కంప్యూటర్ ఆన్ చేసి ఒక సాయంత్రం తిరగేయండి. నచ్చితే ముందుకు వెళ్లండి, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేయండి, మీ విండోస్ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. మిగతాదంతా ఈ నాలుగు మాటలకు వివరణే.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ లాంటి సామానుకీ మీరు వాడే ప్రోగ్రాములకీ మధ్య నిలబడి పనులు పంచే ప్రోగ్రాము. విండోస్ మైక్రోసాఫ్ట్‌ది, మ్యాక్ఓఎస్ ఆపిల్‌ది. లినక్స్ మాత్రం ఏ ఒక్కరి సొత్తూ కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దాని గుండెకాయ లాంటి కెర్నల్ రాయడం మొదలుపెట్టాడు. దాని చుట్టూ తలా ఒక రకంగా సరంజామా చేర్చి ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ లాంటివి తయారుచేశారు. వీటినే డిస్ట్రోలు అంటారు. ఇంతవరకు తెలిస్తే చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్. అందులో ఉన్నదంతా పోతుంది, కాబట్టి ఖాళీది తీసుకోండి.
- మీ ఫైళ్లు దాచుకోవడానికి వేరే డిస్క్. మొదటి పెన్‌డ్రైవ్ ఈ పనికి కుదరదు.
- నెట్. మింట్ ఫైలు 3 జీబీ దరిదాపుల్లో, ఉబుంటు 6 జీబీ దరిదాపుల్లో ఉంటుంది.
- ఫోన్. కంప్యూటర్ నీలం తెర చూపిస్తున్నప్పుడు అందులో ఈ వ్యాసం చదవలేరు కదా. పైగా ప్రతి తెరనీ ఒక ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత ఎవరినైనా సాయం అడగడం తేలిక.
- ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్. పని మధ్యలో బ్యాటరీ అయిపోతే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.
- ఖాళీగా ఉన్న రెండు మూడు గంటలు. రేపు పొద్దున పరీక్షో, ఆఫీసు పనో ఉంటే ఈ రాత్రి మొదలుపెట్టకండి.

1. ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి

మనసులో అనుకోవడం కాదు, కాగితం మీద రాయండి. "కంప్యూటర్ నేర్చుకోవాలి" అని రాస్తే లెక్కలోకి రాదు. "పైథాన్‌లో చిన్న ప్రోగ్రాములు రాయాలి", "సర్వర్లు నడపడం నేర్చుకోవాలి", "ఎక్సెల్‌లో చెయ్యి తిరగాలి" అని రాయండి. ఆ వాక్యం రాగానే సగం జవాబు దొరుకుతుంది.

ఎక్సెల్, ఆఫీసు పని, ఫొటోషాప్, ఆటోక్యాడ్ లాంటివి మీ దారి అయితే విండోస్‌లోనే ఉండండి. వీటికి లినక్స్‌లో నడిచే రూపాలు లేవు. లిబ్రేఆఫీస్, గింప్ లాంటి ప్రత్యామ్నాయాలు మంచివే, ఉచితం కూడా. కానీ ఉద్యోగంలో అడిగేది ఎక్సెల్ అయినప్పుడు ఇంకోదాంట్లో చెయ్యి తిప్పుకుంటే మళ్లీ మొదటికి రావాలి.

ఐఫోన్ యాప్‌లు చేయాలంటే మ్యాక్ తప్పదు. ఎక్స్‌కోడ్ అనే పనిముట్టు అందులోనే నడుస్తుంది. ఆ ఒక్క కారణం లేకపోతే, నేర్చుకోవడం కోసమని మ్యాక్ కొనక్కర్లేదు. ఇప్పటికే ఉంటే మాత్రం మీరు అదృష్టవంతులే. మ్యాక్ఓఎస్ కూడా లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ అనే పాత సిస్టమ్ కుటుంబానిదే కాబట్టి అందులోని టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి, లినక్స్‌లో నేర్చుకునే కమాండ్లలో చాలావాటిని అక్కడే నేర్చుకోవచ్చు.

సర్వర్లు, క్లౌడ్, నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ అయితే లినక్స్. ఇందులో మొహమాటం లేదు. ప్రపంచంలో అత్యంత వేగమైన 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నలే.

పైథాన్, జావా, వెబ్‌సైట్లు తయారు చేయడం లాంటివి మూడింటిలోనూ నడుస్తాయి. ఈ గుంపులో ఉన్నవాళ్లే ఎక్కువ మధనపడుతుంటారు. వాళ్లకు నేను చెప్పేది, ఉన్న సిస్టమ్ మీద ఇవాళే మొదలుపెట్టండి, లినక్స్‌ను పక్కన రుచి చూడండి. సిస్టమ్ ఎంచుకుంటూ మూడు వారాలు గడిపి, ఒక్క ప్రోగ్రామూ రాయనివాళ్లు నాకు చాలామంది తెలుసు.

2. మీ కంప్యూటర్ సత్తా ఎంతో చూడండి

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ అనే చోట నొక్కండి. ర్యామ్ ఎంత, డిస్క్ ఎస్‌ఎస్‌డీయా పాత తిరిగే హార్డ్‌డిస్కా అన్నది అక్కడే కనిపిస్తుంది. రాసి పెట్టుకోండి.

8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే ఏదైనా నడుస్తుంది. 4 జీబీ ఉంటే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం తీసుకోండి. మింట్ 2 జీబీకి కూడా నడుస్తుందని వాళ్లే చెబుతారు. నడుస్తుంది నిజమే, కానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచారంటే కూర్చున్న చోటే కునుకు తీయొచ్చు. ప్రాసెసర్ 32 బిట్‌ది మాత్రమే అయితే అంత పాత మెషీన్ మీద శ్రమపడకండి. పెద్ద డిస్ట్రోలు చాలావరకు దాన్ని వదిలేశాయి.

విండోస్ 10లో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి వెళ్లాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్‌తో పాటు టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్, మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ ఉండాలి. బాగా నడుస్తున్న ల్యాప్‌టాప్‌లు కూడా ఈ చివరి రెండు దగ్గర ఆగిపోతున్నాయి. ఆ తనిఖీని దాటవేసే చిట్కాలు వీడియోల్లో బోలెడు కనిపిస్తాయి. కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు. అలాంటి మెషీన్‌కి లినక్స్ వేయడమే హాయి.

ఒక చిన్న పక్కమాట. "సిస్టమ్ స్లో అయింది, లినక్స్ వేస్తే ఫాస్ట్ అవుతుందా?" అని అడిగేవాళ్లలో సగంమంది దగ్గర ఉండేది పాత హార్డ్‌డిస్కే. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే వేగం ఏ సిస్టమ్ మార్చినా రాదు. ముందు అది చూసుకోండి.

3. దారి ఎంచుకోండి

లినక్స్ రుచి చూడడానికి ఐదు దారులున్నాయి. ప్రమాదం తక్కువ ఉన్నవి ముందు రాస్తున్నాను.

డబ్ల్యూఎస్ఎల్: విండోస్ లోపలే లినక్స్ కమాండ్లు నడిపే ఏర్పాటు. విండోస్ 11లో, విండోస్ 10 చివరి వెర్షన్లలో పనిచేస్తుంది. పవర్‌షెల్‌ని (విండోస్‌లో కమాండ్లు కొట్టే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డబ్ల్యూఎస్ఎల్ అనే మూడక్షరాలు కొట్టి, ఒక స్పేస్ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి, వాటికి ఆనించి ఇన్‌స్టాల్ అనే ఇంగ్లీషు మాట కొట్టి ఎంటర్ చేయండి. రీస్టార్ట్ అయ్యాక ఉబుంటు సిద్ధంగా ఉంటుంది. ప్రోగ్రామింగ్ కోసం వచ్చినవాళ్లకు ఇదే చాలు. అయితే లినక్స్ డెస్క్‌టాప్, డ్రైవర్లు (సామానును నడిపే చిన్న ప్రోగ్రాములు), బూట్ అవ్వడం (ఆన్ చేయగానే సిస్టమ్ లేవడం) లాంటివి ఇందులో అనుభవంలోకి రావు.

వర్చువల్ మెషీన్: వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టుకుంటే, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు ఒక కిటికీలో లినక్స్ నడుస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే అందులో 4 దీనికి ఇవ్వండి. 4 జీబీ మెషీన్ మీద ఈ పని పెట్టుకోకండి, రెండూ కదలవు. ఇందులో నాకు బాగా నచ్చేది స్నాప్‌షాట్. ఒక స్థితిని దాచిపెట్టి, తర్వాత ఎంత పాడుచేసినా ఒక్క నొక్కుతో వెనక్కి రావచ్చు. పాడుచేసి నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు.

లైవ్ పెన్‌డ్రైవ్: డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం సిస్టమ్ నడపడం. మీ వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ లినక్స్‌తో పనిచేస్తాయా లేదా అన్నది దీంతోనే తేలుతుంది.

డ్యూయల్ బూట్: విండోస్, లినక్స్ రెండూ పక్కపక్కన ఉండి, ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడగడం. ఐదోది విండోస్ తీసేసి లినక్స్ ఒక్కటే పెట్టుకోవడం. అది పాత, రెండో కంప్యూటర్ మీద మాత్రమే చేయండి.

నేను సూచించే వరస: ముందు లైవ్ పెన్‌డ్రైవ్, ఆ తర్వాత ఒక నెల వర్చువల్ మెషీన్ గానీ డబ్ల్యూఎస్ఎల్ గానీ, అప్పటికీ ఆసక్తి నిలిస్తే డ్యూయల్ బూట్.

ఎమ్1, ఎమ్2 లాంటి చిప్ ఉన్న మ్యాక్‌లలో మామూలు ఉబుంటు పెన్‌డ్రైవ్ బూట్ అవ్వదు. అలాంటివాళ్లు యూటీఎమ్ అనే ప్రోగ్రాములో ఏఆర్‌ఎమ్ రకం ఉబుంటు నడుపుకోండి. 4వ అంశం చదివాక 7కి వెళ్లిపోవచ్చు.

4. డిస్ట్రో విషయం ఐదు నిమిషాల్లో తేల్చండి

వందల డిస్ట్రోలున్నాయి. మీకు రెండే: మింట్, ఉబుంటు. విండోస్ అలవాటు ఉండి, కింద మెనూ బటన్, పక్కన గడియారం కావాలంటే మింట్. తెర అమరిక కొత్తగా ఉన్నా ఫరవాలేదు, ఏ సమస్యకైనా నెట్‌లో సమాధానం దొరకాలంటే ఉబుంటు. మింట్ ముఖ్యరూపం ఉబుంటు మీదే కట్టింది కాబట్టి ఉబుంటు సమాధానాలు దాదాపుగా మింట్‌కీ పనికొస్తాయి.

ఉబుంటులో ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు అందే రకం) అని రాసి ఉన్నదే దించుకోండి. వెర్షన్ నంబరులోనే తేదీ ఉంటుంది. 24.04 అంటే 2024 ఏప్రిల్. ఎల్‌టీఎస్‌లు రెండేళ్లకోసారి వస్తాయి, ఐదేళ్లు ఉచితంగా అప్‌డేట్లు అందుతాయి. మధ్యలో వచ్చేవాటికి తొమ్మిది నెలలే.

ఇక హ్యాకింగ్ పనిముట్లతో వచ్చే కాలీ లినక్స్ అనే డిస్ట్రో గురించి. హ్యాకింగ్ వీడియోలు చూసి నేరుగా కాలీ వేసుకునేవాళ్లు చాలామంది. లినక్స్ తెలియనివాళ్లకు దాన్ని సిఫారసు చేయబోమని కాలీ తయారుచేసేవాళ్లే తమ పత్రాల్లో రాసుకున్నారు. అందులోని పనిముట్లు చాలావరకు ఉబుంటులోనూ పెట్టుకోవచ్చు. ఆర్చ్ అనే డిస్ట్రో కూడా అంతే. మంచిదే, కానీ ఈత రానివాళ్లను తీసుకెళ్లి నడి ఏట్లో దించినట్టు ఉంటుంది.

5. పెన్‌డ్రైవ్ తయారీ

మింట్ లేదా ఉబుంటు సొంత వెబ్‌సైట్ నుంచే ఐఎస్ఓ ఫైలు (మొత్తం సిస్టమ్ ఉండే ఒకే పెద్ద ఫైలు) దించుకోండి. ఇంకెవరో పెట్టిన లింకు వద్దు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, ఒక రోజు పాటు దొంగ ఐఎస్ఓ లింకు పెట్టారు. అందుకే దించిన ఫైలును సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి.

సరిచూడడం ఇలా. పవర్‌షెల్‌లో గెట్, అడ్డగీత, ఫైల్‌హ్యాష్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక స్పేస్ వదిలి, ఐఎస్ఓ ఫైలును ఆ కిటికీలోకి లాగి వదలండి. ఎంటర్ కొడితే కాసేపటికి 64 అక్షరాల వరస వస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ఎస్‌హెచ్ఏ 256 అని ఇచ్చిన వరసతో అది అక్షరం పొల్లు పోకుండా కలవాలి. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా పట్టించుకోకండి. కలవకపోతే ఫైలు తీసేసి మళ్లీ దించండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగిన ఫైలుతో గంటలు గంటలు కుస్తీ పట్టినవాళ్లకు ఈ రెండు నిమిషాల విలువ తెలుసు.

తర్వాత ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లో రాసే రూఫస్ గానీ బలేనా ఎచర్ గానీ వేసుకుని తెరిచి, ఐఎస్ఓ చూపించి, పెన్‌డ్రైవ్ చూపించి, మొదలుపెట్టండి. ఇక్కడ జరిగే తప్పులు మూడు.

ఐఎస్ఓ ఫైలును మామూలుగా కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయడం మొదటిది. అలా చేస్తే బూట్ అవ్వదు, పై ప్రోగ్రాముల్లో ఒకదానితోనే రాయాలి. రెండోది, పక్కనే గుచ్చి ఉన్న బ్యాకప్ డిస్క్‌ను ఎంచుకోవడం. ఈ పని చేసేంతసేపూ మిగతా డిస్కులన్నీ పీకేయండి, అప్పుడు పొరపాటుకి తావే ఉండదు. మూడోది, రాయడం పూర్తయ్యాక విండోస్ "ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి" అని అడిగితే కంగారుపడి సరే అనడం. లినక్స్ రాసిన పెన్‌డ్రైవ్‌ను విండోస్ చదవలేక అలా అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి.

6. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి పరీక్షించండి

ఆగండి, ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) సంగతి చూడాలి. విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని గానీ బిట్‌లాకర్ అని గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మెషీన్ సొంత సెట్టింగుల చోటు) బూట్ సెట్టింగులు మారిస్తే మళ్లీ విండోస్ తెరిచేటప్పుడు ఆ కీ అడగొచ్చు. అప్పుడు దగ్గర లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. మీకు తెలియకుండానే ఇది ఆన్ అయి ఉండే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చి, షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చిన నీలం తెరలో యూజ్ ఎ డివైస్ ఎంచుకుని, పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకోండి. ఆ దారి కనిపించకపోతే మెషీన్ ఆన్ చేయగానే బూట్ మెనూ మీట టపటపా కొట్టండి. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ ఎక్కువగా పనిచేస్తాయి. బయోస్‌లో ఉండే సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన సిస్టమ్‌లనే బూట్ అవ్వనిచ్చే రక్షణ) ఆపక్కర్లేదు. ఉబుంటు, మింట్ రెండూ దానితోనే బూట్ అవుతాయి.

డెస్క్‌టాప్ వచ్చాక ఇన్‌స్టాల్ అనే బొమ్మ కనిపిస్తుంది. ఉబుంటు అయితే ముందే అడుగుతుంది. అక్కడ ట్రై అనేదే ఎంచుకోండి, ఇన్‌స్టాల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. కాగితం తీసుకుని ఈ వరసలో పరీక్షించండి:

- వైఫై పట్టిందా? ఒక వీడియో నడిచిందా? సౌండ్ వచ్చిందా?
- టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో జరిపితే పేజీ కదిలిందా?
- తెర వెలుతురు పెంచే, తగ్గించే మీటలు పనిచేశాయా?
- కెమెరా, మైకు, బ్లూటూత్ అందాయా?
- మూత మూసి, రెండు నిమిషాలాగి తెరిస్తే మళ్లీ లేచిందా? చాలామంది మరిచిపోయే పరీక్ష ఇదే, తర్వాత రోజూ విసిగించేదీ ఇదే.
- తెలుగు పేజీ తెరిస్తే వత్తులు, గుణింతాలు సరిగా కనిపించాయా?

వైఫై పట్టకపోతే అంతటితో తీర్పు చెప్పేయకండి. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. అప్పుడు మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి, మీ వైఫై చిప్‌కి డ్రైవర్ చూపిస్తుందేమో చూడండి.

రెండు హెచ్చరికలు. లైవ్‌లో వేగాన్ని బట్టి లినక్స్ నెమ్మది అనుకోకండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది కాబట్టి అలాగే ఉంటుంది. ఇంకొకటి, లైవ్‌లో దాచుకున్న ఫైళ్లు షట్‌డౌన్ చేయగానే ఎగిరిపోతాయి.

7. ఒక నెల వాడండి, నేర్చుకున్నారో లేదో చూసుకోండి

వర్చువల్ మెషీన్ కావచ్చు, డబ్ల్యూఎస్ఎల్ కావచ్చు, ఒకటి పెట్టుకుని రోజూ అరగంట టెర్మినల్‌లో గడపండి. మొదటి వారంలో తగిలే ఎదురుదెబ్బలు అందరికీ ఒకటే.

కొన్ని సిస్టమ్‌లలో టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనిపించదు. నాకు తెలిసిన ఒకాయన రాత్రి పదింటికి ఫోన్ చేసి, "లినక్స్ వేశాక కీబోర్డ్ చచ్చిపోయింది" అన్నాడు. అంతా కొడుతున్నాడట, ఏమీ పడటం లేదట. అది పాడవడం కాదు, ఎవరూ పాస్‌వర్డ్ పొడవు కూడా చూడకుండా అలా దాస్తుంది. చూసుకోకుండా కొట్టేసి ఎంటర్ నొక్కమన్నాను. అవతలి నుంచి "ఓ" అని మాత్రం వినిపించింది.

పెద్దక్షరం, చిన్నక్షరం వేరు. డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్ పేరు పెద్ద డీతో మొదలవుతుంది. చిన్న డీతో కొడితే అలాంటిది లేదంటుంది.

నెట్‌లో దొరికిన కమాండ్‌ను అర్థం కాకుండా అతికించకండి. ముఖ్యంగా సూడో అనే మాటతో మొదలయ్యేవి. సూడో అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చేయడం. ఆర్‌ఎమ్ అనేది చెరిపే కమాండ్, అలా చెరిపింది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. చాలావరకు ఏ కమాండ్‌కైనా ముందు ఎమ్ఏఎన్ అనే మూడక్షరాలు, ఒక స్పేస్ చేర్చి కొడితే దాని వివరణ వస్తుంది. బయటికి రావడానికి క్యూ నొక్కాలి. ఇది తెలియక కిటికీనే మూసేసేవాళ్లు ఉన్నారు, మొదట్లో నేనూ అంతే.

నెల చివర ఈ ఐదు పనులు ఎవరినీ అడగకుండా చేసి చూడండి: ఒక ప్రోగ్రామును బ్రౌజర్ లేకుండా, సిస్టమ్ సొంత ప్యాకేజీ పద్ధతిలో వేసి, తీసేయడం. ఫోల్డర్ చేసి, ఫైళ్లు జరిపి, పేర్లు మార్చడం, మౌస్ ముట్టుకోకుండా. ఎక్కువ ర్యామ్ తింటున్న ప్రోగ్రామును కనిపెట్టి ఆపడం. ఒక ఫైలు ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చూసి, దాన్ని మార్చడం. ఒక ఎర్రర్ వచ్చినప్పుడు అందులోని మాటలు చదివి అది దేని గురించో చెప్పగలగడం. నాలుగు వస్తే డ్యూయల్ బూట్‌కి సిద్ధం. రెండే వస్తే ఇంకో నెల.

విండోస్‌లోనే ఉండిపోయినవాళ్లకూ ఇవే పనులు. పవర్‌షెల్, టాస్క్ మేనేజర్, ఈవెంట్ వ్యూయర్ అన్నీ మీ మెషీన్‌లో ఇప్పటికే ఉన్నాయి.

8. డ్యూయల్ బూట్ వేసేటప్పుడు

ముందు బ్యాకప్. తీశామనుకోవడం కాదు, ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి.

తర్వాత విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద కుడి నొక్కు నొక్కి, ష్రింక్ వాల్యూమ్‌తో కనీసం 50 జీబీ, వీలైతే 100 జీబీ ఖాళీ చేయండి. ఖాళీ చేసిన చోటును అలాగే వదిలేయండి, ఫార్మాట్ చేయకండి. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ అయినట్టు కనిపించినా పూర్తిగా అవ్వదు. లినక్స్ నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవడమే తప్ప రాయడం కుదరదు.

పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాక అసలైన తెర ఒక్కటే: డిస్క్‌తో ఏం చేయాలని అడిగేది. ఎరేజ్ డిస్క్ అన్నదాన్ని నొక్కారంటే విండోస్‌తో సహా అన్నీ పోతాయి. విండోస్ పక్కన పెట్టు అనే అర్థం వచ్చే, అలాంగ్‌సైడ్ అన్న మాట ఉన్నదాన్ని ఎంచుకోండి. అది కనిపించకపోతే ముందుకు వెళ్లకండి, బయటికి వచ్చేయండి.

నా సొంత అనుభవం చెబుతాను. డెస్క్‌టాప్‌లో రెండు డిస్కులుండేవి, రెండూ 1 టీబీవే. ఇన్‌స్టాలర్ వాటిని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని చూపించింది. మొదటిది ఖాళీదే కదా అనుకుని చెరిపేశాను. ఖాళీది రెండోది. నాలుగేళ్ల ఫొటోలు ఆ రాత్రితో సరి. అప్పటి నుంచి ఎవరికి వేసినా, ముట్టుకోకూడని డిస్క్ కేబుల్ పీకి పక్కన పెట్టాకే మొదలుపెడతాను.

ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనిపించకపోతే, బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉండొచ్చు. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చమని సలహాలు కనిపిస్తాయి. నేరుగా మార్చేస్తే విండోస్ బూట్ అవ్వడం ఆగిపోవచ్చు. కొత్తవాళ్లయితే ఇక్కడ ఆగి, వర్చువల్ మెషీన్‌తో సరిపెట్టుకోండి, లేదా తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

వైఫైకి, గ్రాఫిక్స్‌కి బయటి డ్రైవర్లు వేయమని టిక్ పెడితే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడగొచ్చు. రీస్టార్ట్ అయ్యాక మోక్ మేనేజ్‌మెంట్ అని ఒక నీలం తెర వస్తుంది. కొద్ది సెకన్లే ఉంటుంది. ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఎర్రర్ అనుకుని దాటేస్తే ఆ డ్రైవర్ పనిచేయదు.

అయ్యాక సరిచూసుకోండి: లినక్స్‌లోకి రెండుసార్లు, విండోస్‌లోకి రెండుసార్లు వెళ్లి రండి. విండోస్‌లో మీ పాత ఫైళ్లు తెరవండి. గడియారం కొన్ని గంటలు అటూ ఇటూ అయితే కంగారు వద్దు. మెషీన్ గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ అంతర్జాతీయ సమయంగా చదువుతుంది. ఆ గడియారాన్ని స్థానిక సమయంగానే చదవమని లినక్స్‌కి చెబితే సరిపోతుంది. సెట్టింగ్ టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌లో ఉంది.

వెనక్కి రావాలంటే

లినక్స్ వద్దనుకుంటే విండోస్‌లోకి వెళ్లి దాని పార్టిషన్‌ను (డిస్క్‌లో లినక్స్ ఉన్న భాగం) వెంటనే చెరిపేయకండి. ఆన్ చేయగానే ముందు వచ్చే మెనూ లినక్స్ పెట్టినదే. కింద పార్టిషన్ లేకపోతే ఆ మెనూ దగ్గరే నల్లతెరతో ఆగిపోవచ్చు. ముందు బయోస్‌లోకి వెళ్లి, బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తీసుకురండి. ఒకసారి రీస్టార్ట్ చేసి, మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటోందని చూశాకే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్ తీసేసి సీ డ్రైవ్‌ను పెంచుకోండి. సీ డ్రైవ్‌కి, ఖాళీ అయిన చోటుకి మధ్య ఇంకే పార్టిషనైనా ఉంటే ఎక్స్‌టెండ్ అనేది నొక్కడానికి వీల్లేకుండా ఉంటుంది. అలాంటప్పుడు ఆ చోటులో కొత్త డ్రైవ్ చేసుకుని వాడుకోండి. పెన్‌డ్రైవ్‌ను మామూలుగా వాడుకోవాలంటే రూఫస్‌లో బూట్ చేయలేనిది అనే రకం ఎంచుకుని ఫార్మాట్ చేస్తే దాని పూర్తి సైజు మళ్లీ కనిపిస్తుంది.